ఒకే గిన్నె... రెండు కంచాలు!

కూతవేటు దూరంలో బస్తాల బజారు. ఇంట్లో తినేది మాత్రం ఇద్దరే. మరి సరుకులు ఎంత కొనాలి? రాత్రిపూట వంట ఎలా తెమలాలి?

బేగంబజారులో టోకు పప్పుల దుకాణానికి వెళ్లి 'పావుకిలో కందిపప్పు' అని అడిగి చూడండి. సేఠ్ కసురుకోడు. అలాగని తక్కెడా పట్టుకోడు. గల్లాపెట్టె దగ్గర్నుంచి తలెత్తి ఓసారి చూసి, వీధి చివర ఉన్న చిల్లర కొట్టువైపు చెయ్యి చూపిస్తాడు. ఇక్కడ మాటలన్నీ బస్తాల్లోనే. మరీ చిన్న బేరమైతే ఐదు కిలోల సంచి.

అక్కణ్నుంచి మూసీ వైపు నడిస్తే పురానాపూల్. ఆ పాత వంతెన దగ్గర లోకం వేరు. పావుకిలో టమాటాలు, నాలుగు పచ్చిమిరపకాయలు, ఓ కొత్తిమీర కట్ట, చేతిలో ఇమిడేంత సొరకాయ ముక్క... ఎంత అడిగితే అంతే ఇస్తారు. 'ఇంకో రెండు వెయ్యమ్మా' అంటే వేస్తారు కూడా.

ఇద్దరే ఉన్న ఇంటికి ఈ రెండు బజార్లూ కావాలి. ఏది బస్తాల బజారులో కొనాలో, ఏది వంతెన దగ్గర కొనాలో తెలిస్తే చాలు. నెల ఖర్చు తగ్గుతుంది, రాత్రి వంట అరగంటలో తేలిపోతుంది. తెలియకపోతే ఇంకేముంది... డబ్బాల్లో పురుగులు, ఫ్రిజ్‌లో మిగిలిపోయిన కూరలు!

వంతెనకు అటూ ఇటూ

ఈ రెండు బజార్లూ ఇంత దగ్గరగా ఉండటం వెనక పెద్ద కథే ఉంది. పురానాపూల్‌ను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1578లో కట్టించాడు. అంటే హైదరాబాద్ నగరానికి పునాది పడటానికి 13 ఏళ్ల ముందన్నమాట. గోల్కొండ నుంచి సరుకుతో బయల్దేరిన బండ్లు, ఒంటెలు కార్వాన్ మీదుగా వచ్చి ఇక్కడే నది దాటేవి. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఈ వంతెనను చూసి పారిస్‌లోని పాంట్ నఫ్‌తో పోల్చాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ పోటెత్తినప్పుడు దిగువన ఉన్న వంతెనలు కొట్టుకుపోయినా ఇది నిలిచింది. పక్కనే కొత్త వంతెన వచ్చి వాహనాలు అటు మళ్లాక, పాత వంతెన కూరగాయల వాళ్లకు నీడయింది.

ఇక బేగంబజారు. రెండో నిజాం నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం ఈ స్థలాన్ని వర్తకులకు ఇచ్చిందని, అందుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. పప్పులు, మసాలా దినుసులు, ఎండుఫలాలు, రాగి ఇత్తడి గిన్నెలు... ఒక్కో సరుక్కీ ఒక్కో గల్లీ. ఊళ్ల నుంచి వచ్చే కిరాణా వ్యాపారులకూ, పెళ్లి వంటలవాళ్లకూ ఇది పుట్టిల్లు.

పాతబస్తీలోనే కాదు, తెలుగునాట ఎక్కడైనా ఉమ్మడి కుటుంబాలకు ఇలాంటి బజారే ఆధారం. పంట చేతికొచ్చే వేళకు వెళ్లి ఏడాదికి సరిపడా వెచ్చాలు ఒకేసారి తెచ్చుకునేవారు. పది, పన్నెండు మంది తినే ఇంట్లో బస్తా బియ్యం ఎన్నాళ్లుంటుంది? ఇప్పుడు అదే అలవాటుతో వెళ్తున్నవాళ్లలో కొత్తగా కాపురం పెట్టినవాళ్లున్నారు. పిల్లలు అమెరికాకో బెంగళూరుకో వెళ్లిపోయాక మిగిలిన పెద్దవాళ్లూ ఉన్నారు. చెయ్యి మాత్రం ఇంకా పదిమందికే కొలుస్తుంది.

యాభై మిగిల్చి నూట యాభై పోగొట్టి...

ఓ చిన్న లెక్క చూద్దాం. కందిపప్పు చిల్లర కొట్లో కిలో నూట యాభై అనుకోండి. టోకున కొంటే కిలోకి పది రూపాయలు తగ్గిందనుకుందాం. ఐదు కిలోలకు మిగిలింది 50. రానూపోనూ ఆటోకే అందులో సగం పైన పోతుంది. ఆఖరి కిలోకి పురుగు పట్టి పారబోశారా, మిగిలిన 50తో పాటు మరో 90 గోవిందా! కాబట్టి ధర అడిగే ముందు 'ఇది మా ఇద్దరికి ఎన్నాళ్లొస్తుంది?' అని అడగాలి. సేఠ్‌ని కాదు, మిమ్మల్ని మీరే.

ఇద్దరికి పూటకు ముప్పావు గ్లాసు, అంటే దాదాపు 150 గ్రాముల బియ్యం పడుతుంది. రెండుపూటలా అన్నమే తింటే రోజుకు 300 గ్రాములు. 25 కిలోల బస్తా 83 రోజులు వస్తుంది. ఒకపూట రొట్టె తినే ఇంట్లోనైతే అయిదున్నర నెలలు. పాత బియ్యం నిల్వకు ఆగుతాయి కాబట్టి బస్తా కొనడంలో తప్పులేదు. కందిపప్పు రోజుకు 75 గ్రాముల లెక్కన ఐదు కిలోలు రెండు నెలలు దాటి వస్తుంది. ఇదీ పర్లేదు. 2022లో భౌగోళిక గుర్తింపు దక్కిన తాండూరు కంది కూడా ఈ బజారుకు పెద్ద దూరమేం కాదు, అడిగి చూడండి.

చింతపండు, ఎండుమిరప కొత్తవి వచ్చేది వేసవి ముందు. గింజ తీసి, కాస్త ఉప్పు కలిపి జాడీలో అదిమి పెట్టిన చింతపండు ఏడాది పాటు ఉంటుంది. రెండు కిలోలు తెచ్చుకున్నా భయం లేదు. ధనియాలు, జీలకర్ర, లవంగాలు, దాల్చినచెక్క గింజగా, చెక్కగా ఉన్నప్పుడే కొనాలి. పొడి కొట్టిన మర్నాటి నుంచే వాసన తగ్గడం మొదలవుతుంది.

ఇక కొనకూడనివి. 15 లీటర్ల నూనె డబ్బా చూడగానే నోరూరుతుంది. నెలకు రెండు లీటర్లు వాడే ఇంట్లో అది ఏడున్నర నెలల సరుకు. మూత తీశాక అన్నాళ్లుంటే నూనె కంపు కొడుతుంది. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి కూడా అంతే, వాటిలోనూ ఉన్నది నూనే. ఇవి కిలో దాటొద్దు. పల్లీల్లో నల్లబడినవీ, ముడుచుకుపోయినవీ ఉంటే ఏరి పారేయాల్సిందే. వాటికి పట్టే బూజులో విషం ఉంటుంది, వేయించినా పూర్తిగా పోదు. గోధుమపిండి నెలకు సరిపడా చాలు. రవ్వ అయితే తెచ్చిన రోజే నూనె లేకుండా దోరగా వేయించి డబ్బాకెత్తాలి. ఫ్రిజ్ ఉన్నవాళ్లు పొట్లం పొట్లంగానే డీప్‌ఫ్రీజర్‌లో నాలుగు రోజులుంచి తీసినా సరిపోతుంది, లోపలున్న పురుగు గుడ్లు చస్తాయి.

పప్పును ఎండబెట్టి, పూర్తిగా చల్లారాక పెద్ద డబ్బాలో పోసి బిగించండి. వాడకానికి ఓ చిన్న డబ్బా వేరే పెట్టుకోండి. రోజూ పెద్ద డబ్బా మూత తీస్తే గాలీ చెమ్మా లోపలికి పోతాయి. వేపాకు వేయడం మంచి అలవాటే కానీ అది గలగలలాడేలా ఎండి ఉండాలి. పచ్చి ఆకు వేస్తే పురుగు కంటే ముందు బూజొస్తుంది. ఉల్లిగడ్డల్నీ ఆలుగడ్డల్నీ ఒకే బుట్టలో పోయకండి, త్వరగా మొలకలొచ్చి పాడవుతాయి.

వీటన్నిటికంటే తేలికైన దారి ఇంకోటుంది... పంపకం. పై పోర్షన్‌లో ఇద్దరు, కింద ఇద్దరు, ఎదురింట్లో ఇద్దరు. మూడిళ్లూ కలిసి ఒక బస్తా, ఒక ఆటో. పూర్వం ఒకే ఇంట్లో ఉన్న పదిమంది ఇప్పుడు మూడు వాటాల్లో ఉన్నారనుకోండి, టోకు బేరం మళ్లీ అక్కరకొస్తుంది. తూకం దగ్గర మాటామాటా రాకుండా మంచి తక్కెడ ఉన్న ఇంట్లోనే పంచుకుంటే సరి.

గిన్నె సంగతి

సరుకు ఇంటికొచ్చింది. ఇక వండటానికి గిన్నె. బేగంబజారులో గిన్నెల దుకాణాలకు కొదవలేదు. ఇద్దరికైతే మూడు లీటర్ల కుక్కరో, అడుగు మందంగా ఉండి మూత బిగుతుగా పట్టే గంజో ఒక్కటి చాలు. పలుచటి స్టీలు గిన్నెలో నీళ్లు తక్కువ పోసి వండితే అన్నం ఉడికేలోపు అడుగు మాడుతుంది. మెరిసే ఇత్తడి గిన్నె మీద మనసు పడితే లోపల కళాయి పోయించారో లేదో చూసి మరీ కొనండి. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో చింతపండు, టమాటా వండితే పులుపుకు లోహం కరిగి చిలుము దిగుతుంది.

ఒకే గిన్నెలో భోజనమంతా తెమలాలంటే ఓ వరస పాటించాలి. పొడిగా వేయించేవి ముందు. తర్వాత నూనె, పోపు. నీళ్లు ఆఖర్న. ఈ వరస తప్పితే మధ్యలో గిన్నె కడగాలి, ఒకటి కాస్తా రెండవుతాయి. ఇంకోటి, గిన్నెలో కలిసి ఉడికేవన్నీ ఒకే వేళకు ఉడకాలి. కందిపప్పును నానబెట్టకుండా బియ్యంతో వేస్తే అన్నం మెత్తబడ్డాక కూడా పప్పు పలుకుగానే ఉంటుంది. మసూర్ పప్పూ, పెసరపప్పూ అలా కాదు. బియ్యంతో పాటే నాని, బియ్యంతో పాటే ఉడుకుతాయి. పాతబస్తీ ఖిచిడీలోకి మసూర్ ఎందుకొచ్చిందో ఇప్పుడర్థమైందా!

ఖిచిడీ, ఖట్టా

పాతబస్తీ ఇళ్లలో ఖిచిడీ ప్రధానంగా పొద్దుటి తిండి. పక్కన ఖీమా, ఖట్టా, అప్పడం. కానీ రాత్రికి దీన్ని మించింది లేదు. పథ్యపు తిండిలా జావగా ఉంటుందనుకునేరు! ఇక్కడి ఖిచిడీ పసుపుపచ్చగా, పొడిపొడిగా ఉంటుంది.

ముప్పావు గ్లాసు బియ్యం, పావు గ్లాసు మసూర్ పప్పు కడిగి కలిపి 20 నిమిషాలు నానబెట్టండి. ఈలోగా గిన్నె పొయ్యి మీద పెట్టి రెండు చెంచాల నువ్వులు, ఓ చెంచా పల్లీలు వేయించి తీసేయండి. అదే గిన్నెలో నూనె పోసి జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, కరివేపాకు వేయించి, చెంచాడు నూనెతో సహా ఓ చిన్న గిన్నెలోకి తీసుకోండి. ఇది ఖట్టాకి పోపు. మిగిలిన నూనెలో రెండు లవంగాలు, చిన్న దాల్చినచెక్క, షాజీరా, నిలువుగా తరిగిన ఉల్లిగడ్డ వేసి ఎర్రగా వేగనివ్వాలి. అల్లంవెల్లుల్లి ముద్ద, పసుపు, రెండు పచ్చిమిరపకాయలు, ఉప్పు వేసి తిప్పి, నీళ్లు వంపేసిన బియ్యం పప్పు కలిపి, రెండు గ్లాసుల నీళ్లు పోయాలి. ఓ పొంగు వచ్చాక మంట తగ్గించి మూతపెడితే పావుగంట. దింపి మరో పది నిమిషాలు మూత తీయకండి. పళ్లు సరిగా లేని పెద్దవాళ్లకైతే ఇంకో గ్లాసు నీళ్లు ఎక్కువ పోస్తే మెత్తగా వస్తుంది.

అది మగ్గేలోపు ఖట్టా. వేయించిన నువ్వులు, పల్లీలు నూరి, నిమ్మకాయంత చింతపండు పులుసులో కలపాలి. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, ఉప్పు, తీసిపెట్టిన పోపు. అంతే, పొయ్యి మీద పెట్టే పనేలేదు. ఇదేంటి, మన పచ్చిపులుసే కదా అంటారా? నాకూ అలాగే అనిపిస్తుంది. తెలంగాణ పల్లెల్లో పచ్చిపులుసు, పాతబస్తీలో ఖట్టా... ఎవరి వంటింట్లోంచి ఎవరి వంటింట్లోకి వెళ్లిందో గానీ రెండూ అక్కాచెల్లెళ్లే!

ఇదే పద్ధతిలో పప్పు తీసేసి ఆలుగడ్డ, టమాటా, బఠాణీలు వేస్తే తహారీ. మాంసం తినేవాళ్లు ఖీమా వేసి చేస్తారు. కూరగాయలు ఆరోజుకారోజు వంతెన దగ్గర కొన్నవైతే ఫ్రిజ్‌లో సగం టమాటా, సగం క్యారెట్ దాచే బాధ తప్పుతుంది.

చక్కెర వ్యాధి ఉన్న ఇళ్లలో రాత్రికి అన్నం వద్దంటారు. అలాంటప్పుడు జొన్నరవ్వ ఉంది. అరగంట నానబెట్టిన రవ్వకు మూడింతల నీళ్లు, గుప్పెడు పెసరపప్పు, చేతికందిన కూర ముక్కలు. కుక్కర్‌లో నాలుగు కూతలు. జొన్నలు కూడా పిండిపదార్థమే కాబట్టి కొలత మరవొద్దు, ఇద్దరికీ కలిపి ముప్పావు గ్లాసు రవ్వ దాటకుండా చూసుకోండి. కోడిగుడ్లు తినేవాళ్లకు ఇంకా సులువు. టమాటా ఉల్లిగడ్డ కూర దగ్గరపడ్డాక అందులోనే గుంటలు చేసి నాలుగు గుడ్లు కొట్టి మూతపెడితే ఐదారు నిమిషాలు. పక్కన బ్రెడ్డో, దగ్గర్లోని బట్టీ నుంచి తెచ్చిన నాన్‌రొట్టో.

ఇద్దరికి కొలిచి వండితే మిగలదు. ఒకవేళ మిగిలితే అన్నం గిన్నెను పొయ్యి గట్టు మీద తెల్లారేదాకా వదిలేయకండి. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో చేరాలి. అన్నంలో పెరిగే ఒక రకం సూక్ష్మజీవి విడుదల చేసే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

సర్వపిండి దగ్గరే అసలు పరీక్ష

తెలంగాణ వాళ్లను ఒకే గిన్నెలో వండే రాత్రి తిండి ఏదని అడిగితే చాలామంది చెప్పేది సర్వపిండి. గిన్నప్ప అనీ అంటారు. ఆంధ్రలో తపాలచెక్క. పేర్లలోనే గిన్నె ఉంది చూడండి! ఇందులోకి కావాల్సినవన్నీ నిల్వ సరుకులే. బియ్యప్పిండి, శనగపప్పు, పల్లీలు, నువ్వులు, జీలకర్ర. వంతెన దగ్గర కొనాల్సింది ఉల్లికాడలు, కరివేపాకు, పచ్చిమిరప మాత్రమే. అందుకే నెలాఖరులోనూ ఇది చేసుకోవచ్చు.

ఇద్దరికి రెండు గ్లాసుల పిండి. గిర్నీలో పట్టించినదైతే మేలు, దుకాణంలో దొరికే మరీ మెత్తటి పిండితో చేస్తే గట్టిబడుతుంది. గంటసేపు నానిన శనగపప్పు గుప్పెడు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లికాడలు, పచ్చిమిర్చి వెల్లుల్లి జీలకర్ర కలిపి నూరిన ముద్ద, ఉప్పు. గోరువెచ్చటి నీళ్లతో చపాతీ పిండికంటే కాస్త మెత్తగా కలపాలి.

చల్లటి గిన్నెకు లోపలంతా నూనె రాసి, పిండిముద్దను అడుగునుంచి అంచులదాకా పలుచగా ఒత్తాలి. వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి ఒక్కోదాంట్లో ఓ చుక్క నూనె. ఆ చిల్లుల్లోంచే నూనె కిందికి దిగి అడుగు కరకరలాడేలా కాలుతుంది. మూతపెట్టి సన్న సెగ మీద పది, పన్నెండు నిమిషాలు. తిరగేయనక్కర్లేదు. మధ్యలో గిన్నెను అటూ ఇటూ తిప్పి అంచులకు కూడా సెగ తగిలేలా చూడాలి.

చిక్కల్లా రెండోదాంతోనే. వేడి గిన్నెలో పిండి ఒత్తబోతే వేళ్లు కాలతాయి, పిండీ అంటుకోదు. గిన్నెను తిరగేసి అడుగు మీద నీళ్లు పోసి, చల్లారాక తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాలి. పదిమంది ఉన్న ఇళ్లలో అందుకే రెండు మూడు గిన్నెలు వంతులేసుకునేవి. ఇద్దరే కదా... జానెడున్నర వెడల్పు గిన్నె తీసుకుని మొత్తం ఒకేసారి ఒత్తేస్తే ఆ బాధ లేదు. మరీ మందంగా వస్తుందనుకుంటే ముద్దలో కొంత తీసి మర్నాటి పొద్దుటి టిఫిన్‌కి ఫ్రిజ్‌లో దాచండి.

కాలిందో లేదో తెలిసేది వాసనతోనే. నువ్వులు వేగిన కమ్మటి వాసన గది దాటి హాల్లోకి వచ్చాక ఒక్క నిమిషం ఆగి కట్టేయండి. కొంచెం చల్లారితే అంచులు వాటంతటవే గిన్నెను వదులుతాయి. అట్లకాడతో ఎత్తి రెండు కంచాల్లోకి సగం సగం. పైన వెన్నో, పక్కన పెరుగో, మామిడికాయ తొక్కో. మెత్తటి నడిమి భాగం ఒకరికి, ఎర్రగా కాలిన అంచు ఇంకొకరికి అని పంచుకుందామంటే మాత్రం చాలా ఇళ్లలో కుదరదు. ఇద్దరికీ అంచే కావాలి!